షేర్‌పాయింట్: దాచడంలో దిట్టే, కానీ సర్దుకోవాల్సింది మనమే

ఆఫీసు ఫైళ్లు, పేజీలు ఒకేచోట దాచి పంచుకునే సాఫ్ట్‌వేర్ షేర్‌పాయింట్. మా కంపెనీ పోర్టల్ మొత్తం దాని క్లౌడ్ వర్షన్ మీదే నడుస్తోంది. అందులో హెచ్‌ఆర్ పేజీలు, పాలసీలు, ఫారాలు చూసుకునే పని నాది. మైక్రోసాఫ్ట్ దీన్ని 2001లో తెచ్చింది. సెట్టింగ్స్‌లోకి కాస్త లోతుగా వెళ్తే ఆ వయసు తెలిసిపోతుంది.

నాకు బాగా నచ్చింది వర్షన్ హిస్టరీ. మా లీవ్ పాలసీని నలుగురు దిద్దుతారు. ఒకప్పుడు అది 'ఫైనల్', 'ఫైనల్ 2', 'అసలు ఫైనల్' అంటూ మెయిళ్లలో తిరిగేది. ఇప్పుడు ఒకే ఫైలు, ఒకే లింకు. ఏ మార్పు ఎవరు చేశారో కనిపిస్తుంది, పాతది కావాలంటే వెనక్కి తెచ్చుకోవచ్చు. పొరపాటున డిలీట్ చేసినా 93 రోజుల వరకు రీసైకిల్ బిన్‌లో దొరుకుతుంది, టెన్షన్ లేదు.

"ఆ ఫైలు పోర్టల్‌లో లేదండీ" అని తరచూ ఫోన్లు వస్తాయి. ఫైలు ఉంటుంది, ఫోన్ చేసినవాళ్లకు పర్మిషన్ ఉండదు. పర్మిషన్ లేనివి సెర్చ్‌లో అసలు రావు. జీతాల షీట్లు అందరి కంటా పడకుండా ఉండేది అందువల్లే కాబట్టి దాన్ని తప్పుపట్టను. కానీ ఫోల్డర్‌కో రకంగా పర్మిషన్లు ఇచ్చుకుంటూ పోతే, ఎవరికి ఏది కనిపిస్తుందో ఇచ్చినవాళ్లకే గుర్తుండదు. సైట్ మొత్తానికి గ్రూపుల వారీగా ఇచ్చి ఊరుకోవడం మేలు.

ఇంకో చిక్కు 5000 లెక్క. ఒక లైబ్రరీలో, అంటే ఫైళ్లు దాచే చోట, 3 కోట్ల ఫైళ్ల దాకా పడతాయి. అయితే 5000 దాటాక, ఫైలు వివరాలు రాసే కాలమ్‌ని ఇండెక్స్ చేయకుండా (అంటే త్వరగా వెతకడానికి ముందే జాబితా కట్టి ఉంచకుండా) దాని మీద ఫిల్టర్ పెడితే మొరాయిస్తుంది. ఇండెక్సులు మొదట్లోనే పెట్టుకోండి. ఫోల్డర్‌లో ఫోల్డర్ పెట్టే అలవాటూ మానుకుంటే మంచిది. దానికి బదులు మేం డిపార్ట్‌మెంట్, బాధ్యుల పేరు, రివ్యూ తేదీ అని మూడు కాలమ్స్ పెట్టాం. గడువు దాటిన పాలసీలన్నీ ఒకే వ్యూలో వచ్చేస్తాయి, ఎవరి వెంట పడాలో నాకు వెతుకులాట ఉండదు.

మొబైల్ యాప్ చదవడానికి పర్వాలేదు. పేజీ దిద్దాలంటే మాత్రం నేను కంప్యూటర్ ముందే కూర్చుంటాను.

మైక్రోసాఫ్ట్ 365 వాడే ఆఫీసులు ముందు తమ ప్లాన్ చూసుకోవాలి, చాలా ప్లాన్లలో ఇది కలిసే వస్తుంది. పదిమంది ఉన్న టీమ్‌కి ఇంత సరంజామా అక్కర్లేదు, షేర్డ్ ఫోల్డర్ చాలు. నా రేటింగ్ 5కి 3.5. తగ్గించిన మార్కుల్లో ఎక్కువ భాగం ఆ పర్మిషన్ల స్క్రీన్ ఖాతాలోకే.