న్యూ పోలీస్‌మన్: మెషీన్ లేని టైం ట్రావెల్

మా అక్క కూతురు ఇప్పుడు తొమ్మిదో తరగతి. పుట్టినరోజుకి ఏం కావాలే అంటే "టైం ట్రావెల్ పుస్తకం కావాలి పిన్నీ, కానీ మళ్ళీ అదే మెషీన్, అదే పిచ్చి సైంటిస్టూ వద్దు" అంది. ఈమధ్య దానికి కెల్టిక్ కథల, అంటే ఐర్లండ్ వైపు పాతకాలం కథల పిచ్చి పట్టుకుంది, గేముల పుణ్యమే అనుకుంటా. అలా వెతుకుతుంటే కేట్ థామ్సన్ రాసిన ‘ద న్యూ పోలీస్‌మన్’ తగిలింది. 2005లో వచ్చిన నవల, ఆ ఏడాది బ్రిటన్‌లో గార్డియన్ పత్రికవాళ్ళు పిల్లల పుస్తకాలకిచ్చే బహుమతీ, విట్‌బ్రెడ్ అవార్డూ రెండూ దీనికే వచ్చాయి. కొత్త కాపీ దొరక్క ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్‌ది తెప్పించాను. "కొత్తదానిలాగే ఉంది" అని పెట్టాడు అమ్మినవాడు. తీరా చూస్తే అట్ట మూల చిరిగిపోయి, కాగితాలు పసుపెక్కి, లోపల అక్కడక్కడా పెన్సిల్ గీతలు. ఒళ్ళు మండింది. తిరిగి పంపేద్దామనుకుని కూడా, ఆ గీతలేంటో చూద్దామని తిరగేస్తూ చదవడం మొదలుపెట్టాను, ఇంక పంపలేదు.

కథ ఐర్లండ్ పడమటి తీరంలో, గాల్వే అఖాతం ఒడ్డున ఉన్న కిన్వారా ఊళ్ళో జరుగుతుంది. నిజంగా ఉన్న ఊరే. జేజే లిడ్డీకి 15 ఏళ్ళు. మేకల్ని పెంచి చీజ్ చేసి అమ్ముకునే ఇల్లు వాళ్ళది, తరతరాలుగా సంగీతం ఉన్న ఇల్లు. వాళ్ళింట్లోనే కేలీలు పెడతారు, అంటే ఊరి జనం చేరి ఫిడేలూ ఫ్లూటూ వాయిస్తుంటే అందరూ కలిసి నాట్యం చెయ్యడం. సమస్యల్లా ఒకటే, ఊళ్ళో ఎవరికీ టైం చాలడం లేదు. పొద్దున్న లేస్తే పరుగు, పడుకునేదాకా పరుగు, అయినా ఏ పనీ తెమలదు. పుట్టినరోజుకి ఏం కావాలమ్మా అని అడిగితే జేజే వాళ్ళమ్మ "టైం కావాలి" అంటుంది. మనందరం రోజూ అనే మాటే. ఈ కుర్రాడు మాత్రం దాన్ని సీరియస్‌గా తీసుకుని నిజంగానే టైం తేవడానికి బయల్దేరతాడు.

మనకి టైం చాలకపోవడానికి ఈ నవల చెప్పే కారణం నాకు భలే నచ్చింది. మన లోకంలోంచి టైం కారిపోతోంది. నీళ్ళ ట్యాంకుకి చిల్లు పడితే కారినట్టు, అటువైపున్న లోకంలోకి. ఆ లోకం పేరు టీర్ నా నోగ్, ఎవరూ ముసలివాళ్ళు కాని దేశం. అక్కడ సూర్యుడు ఎప్పుడూ ఒకేచోట నిలబడి ఉండేవాడు, ఇప్పుడు కొంచెం కొంచెంగా కదులుతున్నాడు, అది చూసి అక్కడివాళ్ళకి టెన్షన్. జేజే అక్కడికి వెళ్ళి చిల్లు ఎక్కడుందో వెతకాలి. అంటే రాజులూ యుద్ధాలూ చూడ్డానికి వెయ్యేళ్ళు వెనక్కి పోవడం లాంటిదేమీ ఉండదు, టైం ఉన్న చోటు నుంచి లేని చోటుకి పోవడమే ప్రయాణం.

ఇది చదువుతుంటే నాకు ఆగకుండా గుర్తొచ్చింది మన రేవతి కథ. భాగవతం నవమ స్కంధంలో వస్తుంది కదా, కకుద్మి అనే రాజు కూతురికి తగిన వరుడెవరో అడుగుదామని ఆ పిల్లని వెంటబెట్టుకుని బ్రహ్మలోకానికి వెళ్తాడు, అక్కడ గంధర్వ గానం జరుగుతుంటే పాట అయ్యేదాకా ఓ పక్కన నిలబడతాడు. అంతే, ఇక్కడ ఇరవై ఏడు మహాయుగాలు గడిచిపోతాయి! ఆ తర్వాతే రేవతి బలరాముడి భార్య అవుతుంది. ఐరిష్‌వాళ్ళకీ అలాంటి కథే ఉంది. ఒషీన్ అనే వీరుడు నీవ్ అనే అమ్మాయితో తెల్లగుర్రమెక్కి టీర్ నా నోగ్ వెళ్ళి మూడేళ్ళే అనుకుంటాడు, తిరిగొచ్చేసరికి మూడు వందల ఏళ్ళు అయిపోయి ఉంటాయి, గుర్రం మీంచి పడి కాలు నేలకి తగలగానే పండు ముసలి అయిపోతాడు. ఈ కథ వెనకాల ఉందని తెలిసి చదివితే, అటువైపు తాపీగా ఫిడేలు వాయిస్తూ కూర్చున్న జేజేని చూస్తుంటే మనకి గుండె దడ. ఇంటి దగ్గర ఎన్నాళ్ళయిందిరా బాబూ, లే అని అరవాలనిపిస్తుంది.

అటువైపు మనుషులు టూహా డే డానన్ అనే పాత దేవగణం. 11వ శతాబ్దంలో కూర్చిన ఐరిష్ పురాణ చరిత్రలో వీళ్ళు మనుషుల చేతిలో ఓడిపోతారు, ఆ తర్వాత మట్టిదిబ్బల కిందకి వెళ్ళి ఉండిపోయారని కథలు. రచయిత్రి ఆ దిబ్బల్నే దారిగా వాడుకుంది. ఐర్లండ్‌లో ఇలాంటి గుండ్రటి మట్టి కోటలు 40,000కు పైగా ఉన్నాయి, కొన్నింటి కింద రాళ్ళు పేర్చిన సొరంగాలు కూడా ఉంటాయి. పాతకాలం రైతులు దాచుకోవడానికో దాక్కోవడానికో కట్టుకున్నవి అవి. మన దగ్గర పొలంలో పాముపుట్ట ఉంటే నాగలి పక్కకి తిప్పినట్టు, వాళ్ళూ ఈ దిబ్బల జోలికి పోరు. 1999లో క్లేర్ కౌంటీలో ఒక్క ముళ్ళచెట్టు దేవతలదని గొడవై కొత్త రోడ్డు ప్లానునే సర్దారు. కాబట్టి జేజే ఆ సొరంగంలోకి దూరే చోట మాయాజాలం అనిపించదు, పక్కింటి పెరట్లోకి వెళ్ళినంత మామూలుగా వెళ్తాడు. తప్పిపోయిన సాక్సులన్నీ అక్కడే తేలతాయి, అది చదివి గట్టిగా నవ్వాను.

ఇంకో దారం కూడా నడుస్తుంటుంది, నాకైతే అదే అసలు కథ. జేజే ముత్తాత ఊరి చర్చి ఫాదర్‌ని చంపేశాడని ఊళ్ళో పుకారు. ఆ ఫాదర్‌కి ఇళ్ళల్లో జరిగే పాటలూ ఆటలూ గిట్టవు, ముత్తాత ఫ్లూట్ లాక్కుపోయాడు, ఆ తర్వాత ఫాదరూ లేడు, ఫ్లూటూ లేదు. ఈ సంగతి విన్న జేజే లిడ్డీ అన్న ఇంటిపేరే వదిలేసుకుందామనుకుంటాడు. ఇది గాల్లోంచి పుట్టించిన గొడవ కాదు. 1935లో ఐర్లండ్‌లో పబ్లిక్ డ్యాన్స్ హాళ్ళ చట్టం వచ్చింది, డ్యాన్సు పెట్టాలంటే కోర్టు లైసెన్సు ఉండాలి. ఇళ్ళల్లో, నాలుగు రోడ్ల కూడలిలో జరిగే నాట్యాల్ని ఫాదర్లు అప్పటికే తిట్టిపోస్తున్నారు, చట్టం దొరికాక ఇంకేముంది. ఈ సంగతి తెలిశాక ఆ ఫాదర్ మామూలు విలన్‌గా కనిపించడు.

ఆ కుక్క గురించి చెప్పకపోతే పాపం. టీర్ నా నోగ్‌లో కాలు నుజ్జయిన ఓ కుక్క ఉంటుంది. అక్కడ టైం లేదు కాబట్టి దాని గాయం మానదు, అది చావదు. మూడు కాళ్ళ మీద కుంటుతూ జేజే వెనకాలే తిరుగుతుంటుంది. మన లోకానికి తీసుకొస్తే టైం ఉంటుంది, డాక్టరు ఉంటాడు, కానీ ఏమవుతుందో ఎవరికి తెలుసు. నేను ఆఫీసు బస్సులో చదువుతూ ఈ చోట పుస్తకం మూసేసి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను కాసేపు.

ఇక తిట్లు. మొదటి వంద పేజీలు చాలా నెమ్మది. పేరులో ఉన్న పోలీసు వచ్చిన ప్రతిసారీ "ఇతనెందుకు ఇప్పుడు" అనిపిస్తుంది. పబ్ మూయించమని పంపితే లోపల సంగీతం విని కరిగిపోయే రకం, మనిషి సరదానే, కానీ ఇతనెవరో కొంచెం తెలివైన పిల్లలు సగంలోనే కనిపెట్టేస్తారు. మా పిల్ల కనిపెట్టేసింది. ఇంత పెద్ద చిక్కుముడి వేసి చివర్లో గబగబా విప్పేశారు, ఆ తొందర నాకు నచ్చలేదు. రోమన్లతో యుద్ధాలూ, డ్రూయిడ్లనే పాతకాలం కెల్టిక్ పూజారులూ, రంగు పూసుకున్న వీరులూ కావాలనుకునేవాళ్ళు కొనకండి, ఒక్కరూ లేరు. "పిన్నీ, ఒక్క ఫైటూ లేదు" అని అది మొదట్లో మూతి ముడుచుకుంది కూడా.

ఇప్పుడు పెన్సిల్ గీతలు. దాదాపు ప్రతి అధ్యాయం చివరా ఒక ఐరిష్ ట్యూన్ స్వరలిపితో అచ్చువేశారు. చదవడం రానివాళ్ళకి అవి అలంకారాలే, నేనూ దాటేశాను. కానీ నా కాపీ పాత యజమాని ఒక జిగ్ (ఐరిష్ నాట్యపు ట్యూన్లలో ఒక రకం) మీద వేళ్ళ నంబర్లు వేసుకుని, పక్కన రెండు చోట్ల గట్టిగా సున్నాలు చుట్టుకున్నారు, అక్కడ తప్పు పోయేదేమో. మా పిల్ల నాలుగేళ్ళుగా వయొలిన్ నేర్చుకుంటోంది, కర్ణాటకమే. యూట్యూబ్‌లో ఆ ట్యూన్ పెట్టుకుని విని "ఇది తిశ్రమే కదా" అంటూ తాళం వేసింది. జిగ్ నిజంగానే మూడేసి నడక, రీల్ అనే ఇంకో రకం ట్యూన్ అయితే నాలుగు. సాయంత్రానికి సున్నా చుట్టిన చోటుకొచ్చి అదీ అక్కడే తప్పింది.

నాలుగు వందల పేజీలు దాటుతుంది కానీ అధ్యాయాలు పొట్టివి, ఇంగ్లిష్ తేలిక, పన్నెండేళ్ళు దాటిన ఎవరైనా చదవగలరు. దీనికి ఇంకో రెండు భాగాలున్నాయి, 2007లో ఒకటి, 2009లో ఒకటి. రెండోదానికి నిన్ననే ఆర్డర్ పెట్టాను. ఈసారి వేరే అమ్మకందారు దగ్గర, అట్ట ఫోటో అడిగి మరీ.