రిఫరీకి ఏ సాయం మేలు? గోల్ లైన్ వాచీ, వీఏఆర్, కోచ్ అప్పీలు

2024 జూన్ 11 రాత్రి దోహాలో జరిగిన భారత్, ఖతార్ ప్రపంచకప్ అర్హత మ్యాచ్ చూసినవాళ్లకు 73వ నిమిషం ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది. 37వ నిమిషంలో ఛాంగ్తే కొట్టిన గోల్‌తో మనం 1-0 ముందున్నాం. అలాగే ముగించగలిగితే భారత్ తొలిసారి ఆసియా అర్హత పోటీల మూడో దశకు చేరేది. అప్పుడు ఖతార్ ఫ్రీ కిక్. అయ్‌మన్ తలతో కొట్టిన బంతిని మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ ఆపాడు. అది స్తంభం పక్కగా దొర్లి గీత దాటి బయటికి పోయింది. మనవాళ్లు ఆట ఆగిందనే అనుకున్నారు. కానీ ఖతార్ ఆటగాడు ఒకడు గీత అవతల ఉన్న బంతిని కాలితో లోపలికి లాగాడు, అయ్‌మన్ దాన్ని గోల్లోకి కొట్టాడు. రిఫరీ గోల్ ఇచ్చాడు. మనవాళ్లు చుట్టూ మూగినా నిర్ణయం మారలేదు. 85వ నిమిషంలో ఖతార్ ఇంకో గోల్ కొట్టి 2-1తో గెలిచింది. ఆ దశ మ్యాచ్‌లకు వీఏఆర్ (గదిలో కూర్చుని రీప్లేలు చూసి రిఫరీకి చెప్పే వీడియో రిఫరీల ఏర్పాటు) లేదు. టీవీ ముందు కూర్చున్న మాకు ఒక్క రీప్లేలో తెలిసిన సంగతి, నిర్ణయం చెప్పాల్సిన మనిషికి తెలుసుకునే దారే లేకపోయింది.

దానికి ఏడాదిన్నర ముందు, అదే ఖతార్‌లో ప్రపంచకప్ సందర్భంగా దాదాపు ఇలాంటి ప్రశ్నే వచ్చింది. 2022 డిసెంబరు 1న స్పెయిన్ మీద జపాన్ రెండో గోల్‌కు ముందు ఆ జట్టు ఆటగాడు మితోమా బంతిని గీత దగ్గర్నుంచి వెనక్కి పంపాడు. మామూలు కెమెరాలో చూస్తే బంతి బయటికి పోయినట్టే ఉంది. కానీ నియమం ప్రకారం బంతి మొత్తం గీత దాటాలి. నేలకు ఆనే భాగం బయట ఉన్నా, గుండ్రంగా ఉబ్బిన అంచు గీతకు సరిగ్గా పైన ఉంటే అది ఇంకా ఆటలో ఉన్నట్టే. వీఏఆర్ గదిలో ఉన్నవాళ్లు గీతకు సూటిగా ఉన్న కెమెరా దృశ్యాలు చూసి గోల్ ఖాయం చేశారు. జపాన్ 2-1తో గెలిచింది, అదే గ్రూపులోని జర్మనీ ఇంటికి వెళ్లింది. ఒకచోట మిల్లీమీటర్ల తేడాను పట్టుకున్నారు, ఇంకోచోట కంటికి కొట్టొచ్చినట్టు కనపడేదాన్ని వదిలేశారు.

అందుకే "టెక్నాలజీ కావాలా, వద్దా" అనే వాదన నాకు పాతబడిపోయినట్టు అనిపిస్తుంది. ఏ టెక్నాలజీ, ఏ పనికి, ఎవరి స్తోమతకు అన్నదే ఇప్పుడు తేల్చుకోవాల్సింది.

గోల్ లైన్ టెక్నాలజీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, అది గెలిచేసిన కేసు. 2010 జూన్ 27న బ్లూంఫాంటైన్‌లో జర్మనీ మీద ఇంగ్లండ్ ఆటగాడు లాంపార్డ్ కొట్టిన బంతి అడ్డకమ్మీకి తగిలి గీత లోపల స్పష్టంగా పడింది. గోల్ ఇవ్వలేదు. అప్పటికి స్కోరు 2-1, చివరికి ఇంగ్లండ్ 4-1తో ఓడింది. ఆ మ్యాచ్ తర్వాత దీన్ని అడ్డుకోవడం ఎవరి వల్లా కాలేదు. ఆట నియమాలు రాసే మండలి ఐఫాబ్ 2012 జులైలో ఒప్పుకుంది, ప్రీమియర్ లీగ్ 2013-14 నుంచి, ప్రపంచకప్ 2014 నుంచి వాడుతున్నాయి. పైన అమర్చిన కెమెరాలు బంతిని అన్ని వైపుల నుంచి చూసి లెక్క కడతాయి, ఒక సెకను లోపే రిఫరీ వాచీ కంపిస్తుంది. ఆట ఆగదు, వాదన ఉండదు. 2019 జనవరి 3న లివర్‌పూల్ మీద మాంచెస్టర్ సిటీ డిఫెండర్ స్టోన్స్ గీత మీద నుంచి తన్నేసిన బంతి, పూర్తిగా దాటడానికి సెంటీమీటరుకు కాస్త ఎక్కువ దూరంలో ఆగింది. సిటీ 2-1తో గెలిచింది, ఆ సీజన్ టైటిల్‌ను 98 పాయింట్లతో తీసుకుంది. లివర్‌పూల్‌కు 97. ఆ సెంటీమీటరును ఏ లైన్స్‌మన్ కన్ను పట్టుకోగలదు?

అయినా ఇదీ ఒకసారి తప్పింది. 2020 జూన్ 17న విల్లా పార్క్‌లో ఆస్టన్ విల్లా గోల్‌కీపర్ బంతి పట్టుకుని గీత దాటి లోపలికి వెళ్లిపోయాడు, వాచీ మాత్రం కంపించలేదు. ఏడు కెమెరాలకూ ఆటగాళ్లు, గోల్ స్తంభం అడ్డొచ్చాయని ఆ వ్యవస్థను నడిపే హాక్-ఐ సంస్థ క్షమాపణ చెప్పింది. షెఫీల్డ్ యునైటెడ్‌తో ఆ మ్యాచ్ 0-0గా ముగిసింది. సీజన్ చివర్లో విల్లా ఒకే ఒక్క పాయింట్ తేడాతో పై డివిజన్‌లో నిలబడింది, ఆ పాయింట్ విలువ కింది డివిజన్‌కు జారిపోయిన బోర్న్‌మత్ అభిమానులను అడిగితే చెబుతారు. తొమ్మిది వేలకు పైగా మ్యాచ్‌ల్లో అలా జరగడం అదే మొదటిసారి. ఆ మాత్రానికి దీన్ని వద్దనలేం. అసలు లోటు వేరే ఉంది. ఈ వ్యవస్థ స్తంభాల మధ్య జరిగేదే చెబుతుంది. దోహాలో బంతి స్తంభం పక్కనుంచి పోయింది. అంటే మన చేతిలో ఇదొక్కటే ఉండి ఉంటే ఆ గోల్ ఆగేది కాదు.

ఆఫ్‌సైడ్ (పాస్ ఇచ్చే క్షణానికే ఆటగాడు ఎదుటి డిఫెండర్లను దాటి ముందుండటం) దగ్గర పోటీ చేతితో గీసే గీతలకూ, కెమెరాలూ కంప్యూటరూ లెక్క కట్టే సెమీ ఆటోమేటెడ్ పద్ధతికీ మధ్య. వీఏఆర్ వచ్చిన కొత్తల్లో చంక దగ్గర గీత, భుజం దగ్గర గీత గీసి గోల్స్ రద్దు చేస్తుంటే అందరికీ చిరాకు వచ్చింది. ఆ చిరాకులో న్యాయం ఉంది. సెకనుకు 50 ఫ్రేములు తీసే కెమెరాలో ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మధ్య 0.02 సెకన్ల ఖాళీ ఉంటుంది. సెకనుకు 8 మీటర్ల వేగంతో పరుగెత్తే ఫార్వర్డ్ ఆ ఖాళీలో 16 సెంటీమీటర్లు కదిలిపోతాడు. పాస్ ఇచ్చిన క్షణం ఏదో తేల్చడంలోనే 16 సెంటీమీటర్ల సందు ఉంటే, 2 సెంటీమీటర్ల ఆఫ్‌సైడ్ అని గోల్ తీసేయడం ఎలా ఒప్పుకుంటాం?

2022 ప్రపంచకప్ ఈ లెక్కను మార్చింది. స్టేడియం పైకప్పు కింద 12 కెమెరాలు, ఒక్కో ఆటగాడి ఒంటి మీద 29 గుర్తులను సెకనుకు 50 సార్లు చూశాయి. బంతి లోపలి సెన్సర్ సెకనుకు 500 సార్లు సమాచారం పంపింది. కాలు బంతిని తాకిన క్షణం 0.002 సెకన్ల మేరకు దొరికితే, ఆ 16 సెంటీమీటర్లు సుమారు 1.6 సెంటీమీటర్లకు తగ్గుతాయి. గీత గీసే చేతి వణుకు కూడా పోతుంది. ప్రారంభ మ్యాచ్ మూడో నిమిషంలోనే ఈక్వెడార్ ఆటగాడు వాలెన్సియా గోల్ దీనివల్ల రద్దయింది. రెండు రోజుల తర్వాత సౌదీ మీద అర్జెంటీనా మొదటి సగంలో కొట్టిన మూడు గోల్స్ ఆఫ్‌సైడ్‌గా పోయాయి, సౌదీ 2-1తో గెలిచి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది.

అయితే గందరగోళంగా గుంపు చేరితే ఇదీ తడబడుతుంది. 2025 మార్చి 1న బోర్న్‌మత్, వుల్వ్స్ ఎఫ్ఏ కప్ మ్యాచ్‌లో ఆటగాళ్లు ఒకరి మీద ఒకరు ఉండటంతో వ్యవస్థకు ఎవరి కాలేదో తెలియక, మళ్లీ చేతి గీతలకు రావాల్సి వచ్చింది. ఒక్క తనిఖీకి ఎనిమిది నిమిషాలు పట్టింది. 2024 యూరోలో డార్ట్‌మండ్ మ్యాచ్ ఇంకా మనసుకు తగిలింది. డెన్మార్క్ కొట్టిన గోల్ డెలానీ కాలి వేలి కారణంగా పోయింది. కాసేపటికే గోల్ కొట్టిన ఆండర్సన్ చేతికే బంతి తగిలిందని సెన్సర్ చూపితే జర్మనీకి పెనాల్టీ ఇచ్చారు. జర్మనీ 2-0తో గెలిచింది. డెన్మార్క్ కోచ్ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ రెంటినీ ఒకే గాటన కట్టకూడదు. కాలి వేలు ముందుందా లేదా అన్నది కొలత. నియమం వేలు కూడా లెక్కలోకి వస్తుందని చెబుతుంటే, తప్పు కొలిచిన యంత్రానిది కాదు. మార్చాలంటే నియమాన్ని మార్చాలి. చేతికి తగిలింది అని సెన్సర్ చెప్పడం కూడా కొలతే. అది శిక్షించదగ్గ హ్యాండ్‌బాలా కాదా అన్నది మాత్రం తీర్పు. సెన్సర్ ఆ తీర్పు చెప్పలేదు. బంతి తగిలిందని సెన్సర్ తెర మీద చూపిన ఆ చిన్న గీత చూశాక మనిషి తీర్పు కూడా దాని వైపే ఒరిగిపోతుందేమోనన్నదే నా భయం.

కొలతకూ తీర్పుకూ ఉన్న ఈ తేడా దగ్గరే వీఏఆర్ నన్ను ఇబ్బంది పెడుతుంది.

కాగితం మీద వీఏఆర్ చాలా అణకువైన ఏర్పాటుగా మొదలైంది. గోల్, పెనాల్టీ, నేరుగా రెడ్ కార్డ్, ఒకరికి బదులు ఇంకొకరికి కార్డు చూపడం, ఈ నాలుగింట్లోనే, అదీ స్పష్టంగా కనపడే తప్పయితేనే కలగజేసుకోవాలన్నారు. ఫలితం లేదనడం అన్యాయం. కీలక నిర్ణయాల్లో సరైనవి 82 శాతం నుంచి 96 శాతానికి పెరిగాయని 2024లో ప్రీమియర్ లీగ్ ప్రకటించింది. 1986లో మరడోనా చేతి గోల్ ఈరోజు పది సెకన్లు కూడా నిలవదు.

మరి అంత మంచి జరుగుతుంటే అభిమానులు ఎందుకు తిరగబడుతున్నారు? స్వీడన్ అసలు వీఏఆర్ తెచ్చుకోలేదు, అక్కడి క్లబ్బుల్లో ఓటు హక్కు ఉన్న అభిమానులే వద్దన్నారు. నార్వేలో 2024 జులైలో ప్రేక్షకులు నిరసనగా మైదానంలోకి చేప వడలు విసరడంతో రోసెన్‌బర్గ్, లిల్లెస్ట్రోమ్ మ్యాచ్ ఆగిపోయింది. ఇంగ్లండ్‌లో తీసేయమని వుల్వ్స్ ప్రతిపాదన పెడితే 19-1తో ఓడింది కానీ, ఆ ప్రతిపాదన వెనక ఉన్న బాధను కాదన్నవాళ్లు తక్కువ. స్టేడియంలో కూర్చున్న మనిషికి గోల్ పడినప్పుడు వచ్చే ఉప్పెన లాంటి సంతోషమే ఫుట్‌బాల్. ఇప్పుడు అరవబోయి ఆగి, రిఫరీ చెవి మీద చెయ్యి పెట్టాడా అని చూస్తున్నాడు. ఆ టెన్షన్‌లో గోల్ ఖాయమయ్యేసరికి సంతోషం సగం చల్లారిపోతుంది. ఇది 96 శాతం లెక్కలోకి రాదు.

రెండో బాధ, తప్పు పోలేదు, చోటు మారిందంతే. 2023 సెప్టెంబరు 30న టాటెన్‌హామ్ మీద లివర్‌పూల్ ఆటగాడు డియాజ్ గోల్‌కు లైన్స్‌మన్ ఆఫ్‌సైడ్ జెండా ఎత్తాడు. వీఏఆర్ గదిలో చూస్తే ఆఫ్‌సైడ్ కాదని తేలింది. కానీ మైదానంలో గోల్ ఇచ్చారనుకుని, నిర్ణయం సరైనదే అన్న అర్థంలో "తనిఖీ పూర్తయింది" అనేశారు. ఆట మొదలైపోయింది, ఇక వెనక్కి వెళ్లడానికి నియమం ఒప్పుకోదు. లివర్‌పూల్ 2-1తో ఓడింది. కెమెరా సరిగ్గా చూపింది, కొలత సరిగ్గా వచ్చింది, ఒక్క మాట పొరపాటుకు అంతా వృథా అయింది.

ఇక నాలుగో పద్ధతి, నాకు అన్నిటికంటే ఆశ కలిగించేది. ఫిఫా దీన్ని ఫుట్‌బాల్ వీడియో సపోర్ట్ అంటోంది. మనకు క్రికెట్ డీఆర్ఎస్ తెలుసు కాబట్టి ఒక్క మాటలో అర్థమవుతుంది. ఒక్కో కోచ్‌కు మ్యాచ్‌కు రెండు అప్పీళ్లు. అన్యాయం జరిగిందనిపిస్తే వెంటనే నాలుగో అధికారికి చెప్పాలి. రిఫరీ మైదానం పక్కనున్న తెర దగ్గరికి వెళ్లి తానే చూసి, తానే నిర్ణయిస్తాడు. నిర్ణయం మారితే అప్పీలు మిగులుతుంది, మారకపోతే పోతుంది. వీఏఆర్‌కు మొదట పెట్టిన నాలుగు సందర్భాలే ఇక్కడా. ఎక్కడో గదిలో కూర్చుని ప్రతి క్షణాన్నీ తనిఖీ చేసే మనుషులు ఉండరు. 2024లో కొలంబియాలో జరిగిన అండర్-20 మహిళల ప్రపంచకప్‌లో దీన్ని పరీక్షించారు, ఇటలీ మూడో శ్రేణి లీగ్ 2025-26లో చేపట్టింది.

లోట్లున్నాయి. కెమెరాలు కొన్నే కాబట్టి మితోమా లాంటి మిల్లీమీటర్ల వివాదాన్ని ఇది తేల్చలేదు. రెండు అప్పీళ్లూ మొదటి సగంలోనే ఖర్చు చేసుకున్న జట్టుకు 90వ నిమిషంలో నిజంగా అన్యాయం జరిగితే దిక్కుండదు. ఆటను కావాలని ఆపడానికి కోచ్‌లు వాడుకునే అవకాశమూ ఉంది.

అయినా దోహా మ్యాచ్‌కు దీన్ని పెట్టి చూడండి. మన ఆటగాళ్లందరికీ బంతి బయటికి పోయిందని తెలుసు. కోచ్ స్టిమాచ్ క్షణం ఆలోచించకుండా అప్పీలు చేసేవాడు. టీవీ కెమెరా ఒక్కటి చాలు. నిమిషంలో తేలిపోయేది. జనం కడుపు మండేది ఇలాంటి పెద్ద తప్పులకే, వాటిని పట్టుకోవడానికి పన్నెండు కెమెరాలు అక్కర్లేదు. పైగా చాలావరకు అడిగితేనే తనిఖీ కాబట్టి, గోల్ పడగానే జనం మనసారా అరవచ్చు.

మన ఐఎస్ఎల్‌లో (ఇండియన్ సూపర్ లీగ్) ఇంతవరకు వీఏఆర్ లేదు. తెచ్చుకుందామంటే ప్రతి మ్యాచ్‌కూ శిక్షణ పొందిన వీడియో రిఫరీ, ఆయనకు సహాయకుడు, రీప్లేలు తీసిపెట్టే ఆపరేటర్, ప్రతి స్టేడియం నుంచీ లైన్లు కావాలి. క్లబ్బులే ఖర్చులకు తట్టుకోలేని చోట ఇది చిన్న మాట కాదు. మన హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో చాంపియన్ అయ్యాక ఆటగాళ్ల జీతాల దగ్గర ఎన్ని ఇబ్బందులు పడిందో చూశాం. హైదరాబాదీ కోచ్ రహీమ్ సాబ్ శిక్షణలో ఒలింపిక్ సెమీఫైనల్ దాకా వెళ్లిన ఆటగాళ్లనిచ్చిన ఊరికి, ఉన్న డబ్బు ముందు అకాడమీకీ మైదానానికీ పోవాలని కోరుకుంటాను.

అలాగని వీడియో ఏదొచ్చినా అన్నీ సర్దుకుంటాయని కూడా నేననను. 2023 మార్చి 3న బెంగళూరులో ఛెత్రి అదనపు సమయంలో త్వరగా కొట్టేసిన ఫ్రీ కిక్ గుర్తుందా? కేరళ బ్లాస్టర్స్ సిద్ధం కాకముందే గోల్ పడింది, వాళ్లు మైదానం వదిలి వెళ్లిపోయారు, తర్వాత 4 కోట్ల రూపాయల జరిమానా పడింది. ఆ గొడవ ఆటను తిరిగి మొదలుపెట్టిన తీరు గురించి. అది వీఏఆర్ చూసేవాటిలో లేదు, కోచ్ అప్పీలు కిందికీ రాదు. రిఫరీ అక్కడ నిలబడి, ఆటగాళ్లతో ఏం మాట్లాడాడు, అది అందరికీ అర్థమయ్యేలా చెప్పాడా అన్నదే ప్రశ్న. దానికి రిఫరీల శిక్షణ, పూర్తికాల ఉద్యోగం, మంచి జీతం కావాలి.

డబ్బున్న యూరప్ లీగ్‌లను అడిగితే గోల్ లైన్, సెమీ ఆటోమేటెడ్ ఆఫ్‌సైడ్ రెండూ ఉంచుకోమంటాను. స్పెయిన్ లా లీగా ఇంకా గోల్ లైన్ వాచీ లేకుండా నడవడం నాకు మింగుడు పడదు. 2024 ఏప్రిల్‌లో రియల్ మాడ్రిడ్ మీద యమాల్ కొట్టిన బంతి గీత దాటిందా అన్నది తేల్చలేక, వీఏఆర్ ఉండి కూడా అనుమానం మిగిలిపోయింది. ఫౌల్, హ్యాండ్‌బాల్ లాంటి తీర్పుల విషయంలో మాత్రం గదిలోని మనుషుల్ని తప్పించి కోచ్ అప్పీలుకు మారితే మేలు.

మన లీగ్‌కైతే మొదటి రూపాయి రిఫరీలకు, రెండో రూపాయి కోచ్ అప్పీలుకు. ప్రసారానికి ఎలాగూ కెమెరాలు వస్తున్నాయి. ఆ దృశ్యాలే మైదానం పక్కన ఒక తెర మీదికి తెచ్చి, ముందు ప్లేఆఫ్ మ్యాచ్‌ల్లో, ఫైనల్లో ఒక సీజన్ పాటు ప్రయత్నించి చూడాలి.