మనీలా, బాగియో: టాఫ్ట్ రోడ్డు నుంచి బెల్ గారి ఇంటి దాకా

మా అమ్మాయి మనీలా శివార్లలో మెడిసిన్ చదువుతోంది. మూడేళ్లుగా "ఎప్పుడొస్తావమ్మా" అని అడుగుతూనే ఉంది. 2025 జూన్ నుంచి మనవాళ్లకి పద్నాలుగు రోజుల దాకా టూరిస్టు వీసా అక్కర్లేదన్నాక ఇక సాకులు అయిపోయాయి. బయల్దేరే ముందు ఈ-ట్రావెల్ ఫారం ఆన్‌లైన్‌లో నింపి, క్యూఆర్ కోడ్ ఫోన్‌లో పెట్టుకోవాలి. అది ఉచితం. డబ్బు అడిగే సైట్ల జోలికి పోకండి.

నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. 1898లో అమెరికా స్పెయిన్‌ని ఓడించి ఫిలిప్పీన్స్, గ్వామ్, ప్యూర్టోరికో తీసుకుంది అని ఒక్క వాక్యం చెప్పేసి ముందుకెళ్లిపోతాం. పిల్లలు గీత గీసుకుంటారు, పరీక్షలో రాస్తారు, అంతే. ఆ వాక్యం జరిగిన చోట్లు చూడాలని నాకు, బీచ్ చూడాలని మా ఆయనకి. బీచ్ వచ్చేసారి అన్నాను.

ఎర్మిటాలో టాఫ్ట్ ఎవెన్యూ పక్క సందులో గది తీసుకున్నాం. రాత్రికి 2,400 పెసోలు. పెసో అంటే సుమారు రూపాయిన్నర. గది శుభ్రం, ఏసీ గట్టిగా మోగుతుంది గానీ చల్లబరుస్తుంది. బాత్రూంలో బకెట్, మగ్గు చూసి ప్రాణం లేచొచ్చింది. ఆ మగ్గుని వాళ్లు టాబో అంటారు. దాని సంగతిలో వాళ్లూ మనమూ ఒకటే. ఖాళీ చేసేటప్పుడు వెయ్యి పెసోల డిపాజిట్ తిరిగివ్వడానికి మాత్రం ఇరవై నిమిషాలు నిలబెట్టారు. ఫోటో తీసుకున్న రసీదు ఉండబట్టి సరిపోయింది.

ఇంట్రామురోస్‌కి ఒక పూట కాదు, ఒక రోజు పెట్టుకోండి. స్పెయిన్ వాళ్లు కట్టిన గోడల ఊరు. శాంటియాగో కోట టికెట్ 75 పెసోలు. 1896 డిసెంబరు 30న స్పెయిన్ వాళ్లు ఫిలిపినోల జాతీయ వీరుడు, రచయిత హోసే రిసాల్‌ని కాల్చి చంపడానికి ఈ కోటలోంచే నడిపించుకెళ్లారు. ఆ అడుగుల గుర్తులు లోహంతో పోసి నేలలో బిగించారు. మా ఆయన వాటి మీద కాలు పెట్టబోయి, ఎందుకో పక్కకి జరిగి నడిచారు.

నేను చూడాలనుకున్నది అసలు గోడల్నే. 1898 మే 1న అమెరికా నౌకాదళ కమోడోర్ డ్యూయీ మనీలా అఖాతంలో స్పెయిన్ ఓడల్ని ముంచేశాడు. జూన్ 12న మనీలా దగ్గరి కవిట్‌లో ఫిలిపినో విప్లవ నాయకుడు ఆగినాల్డో స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాడు. ఆగస్టు నాటికి ఫిలిపినో సైన్యం ఈ గోడల చుట్టూ దిగ్బంధం వేసి కూర్చుంది. లోపల స్పెయిన్ వాళ్లకి ఓటమి ఖాయమని తెలుసు. కానీ ఇన్నాళ్లూ ఏలిన నేటివులకి లొంగడం నామర్దా. అందుకని అమెరికన్లతో లోపాయికారీగా మాట్లాడుకుని ఆగస్టు 13న ఒక ఉత్తుత్తి యుద్ధం ఆడారు. కాసేపు ఫిరంగులు మోగాయి, తెల్లజెండా లేచింది, అమెరికన్లు లోపలికి వెళ్లారు, ఫిలిపినోలు బయటే ఉండిపోయారు. అనుకున్న నాటకంలోనూ కొందరు నిజంగానే చచ్చిపోయారు. తమాషా ఏమిటంటే ముందురోజే వాషింగ్టన్‌లో యుద్ధవిరమణ సంతకాలైపోయాయి. సముద్రం అడుగున ఉన్న టెలిగ్రాఫ్ తీగని డ్యూయీయే తెగ్గొట్టించాడు కాబట్టి ఆ కబురు ఇక్కడికి చేరలేదు. డిసెంబరులో పారిస్ ఒప్పందం, రెండు కోట్ల డాలర్లు, బేరం ముగిసింది. అమ్మింది స్పెయిన్, కొన్నది అమెరికా, ఇల్లు మూడోవాడిది.

లొంగుబాటు షరతులు రాసుకున్నది సాన్ అగస్టిన్ చర్చిలో. 1607 నాటి రాతి కట్టడం, 1945 యుద్ధంలో చుట్టూ ఊరంతా నేలమట్టమైనా నిలబడింది. మ్యూజియం టికెట్ 200 పెసోలు, ఇచ్చిన డబ్బుకి మించే ఉంది. గుర్రపుబండి (కలేసా అంటారు) వాళ్లతో మాత్రం జాగ్రత్త. మాకు ఐదొందలన్నాడు. దిగాక అది తలకి అన్నాడు. మా అమ్మాయి తగాలోగ్‌లో ఏదో గట్టిగా అంది, ఏడొందలకి దిగాడు. ఏమన్నావే అంటే చెప్పలేదు.

మూడో రోజు సాంటా మెసా. దీన్ని ఏ టూర్ ప్యాకేజీలోనూ పెట్టరు. 1899 ఫిబ్రవరి 4 రాత్రి విలియం గ్రేసన్ అనే నెబ్రాస్కా సిపాయి కాల్చిన తూటాతో ఫిలిప్పీన్-అమెరికా యుద్ధం మొదలైన చోటు అది. గ్రాబ్ (మన ఊబర్ లాంటిది) డ్రైవర్‌కి వీధుల పేర్లు చెబితే "అక్కడ ఏముంది?" అన్నాడు. వీధుల పేర్లు సోసియెగో, సిలెన్సియో. స్పానిష్‌లో ఒకటి ప్రశాంతత, రెండోది నిశ్శబ్దం. ఆ రెండూ కలిసే మూలలో యుద్ధం పుట్టింది! ఇప్పుడక్కడ ఉన్నది ఒక స్మారక ఫలకం. పక్కన కరెంటు తీగల చిక్కుముడి, ఎండేసిన బట్టలు, మోటారు సైకిళ్లు. ఫలకం ముందు నిలబెట్టిన ఒక బండిని దాని యజమాని కుర్రాడు నవ్వుతూ పక్కకి తీసి నన్ను చదువుకోనిచ్చాడు. పది నిమిషాల పని, టికెట్ లేదు. యాత్ర మొత్తంలో నాకు గుర్తుండిపోయింది ఇదే.

ఆ తూటా పేలిన రెండు రోజులకే అమెరికా సెనేట్ పారిస్ ఒప్పందాన్ని ఆమోదించింది. 1902 జూలై 4న యుద్ధం అయిపోయిందని అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ప్రకటించేనాటికి నాలుగు వేలకు పైగా అమెరికన్లు, ఇరవై వేలకు పైగా ఫిలిపినో యోధులు, కరువుతో కలరాతో కలుపుకొని రెండు లక్షల మంది దాకా మామూలు జనం పోయారని అమెరికా విదేశాంగ శాఖే రాసుకుంది. అయినా చాలా కాలం అమెరికా దాన్ని యుద్ధం అనలేదు, తిరుగుబాటు అంది. ఆ మాట మనకి కొత్తేం కాదు. 1857ని మనకి ఏమని నేర్పించారు?

అదే రోజు సాయంత్రం అమెరికన్ సమాధుల తోటకి వెళ్లాం. ప్రవేశం ఉచితం, గుర్తింపు కార్డు దగ్గరుంచుకోండి. 152 ఎకరాల పచ్చిక, రెండో ప్రపంచయుద్ధంలో పోయిన పదిహేడు వేల మందికి పాలరాతి శిలువలు. గడ్డి ఎంత సమంగా కత్తిరించారంటే చెప్పులు విప్పాలనిపించింది. చనిపోయినవాళ్లని అలాగే చూసుకోవాలి, కాదనను. ఈ నేలంతా ఒకప్పుడు ఫోర్ట్ మెకిన్లీ, ఆ ఒప్పందం చేయించిన అధ్యక్షుడి పేరు. కోట పేరు మార్చి ఫిలిపినో విప్లవకారుడు బోనిఫాసియో పేరు పెట్టారు గానీ రోడ్డు ఇంకా మెకిన్లీ రోడ్డే.

తిండి గురించి రెండు మాటలు. మా ఆయన శనివారం నీచు ముట్టరు, ఆ శనివారం గండమే అయింది. కంకోంగ్ అంటే మన తూటికూర, వెల్లుల్లి వేసి బాగానే వండుతారు గానీ ఆయిస్టర్ సాస్ పోస్తారు. వద్దని ముందే చెప్పాలి. ఉదయాన్నే వెల్లుల్లి అన్నం, గుడ్డు, పక్కన డబ్బా మాంసం స్పామ్. అమెరికా వాళ్లు అలవాటు చేసిన తిండి ఇప్పుడు వాళ్ల సొంతమైపోయింది. మేం మాగాయతో గట్టెక్కాం.

బాగియోకి బస్సులో ఐదారు గంటలు. టాయిలెట్ ఉన్న ఫస్ట్ క్లాస్ బస్సు తీసుకోండి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఆ తేడా డబ్బు దండగ కాదు. ఎండ పడని అమెరికన్ పాలకులు ఐదు వేల అడుగుల ఎత్తున కట్టుకున్న వేసవి రాజధాని ఇది. ప్లాన్ గీసింది చికాగో వాస్తుశిల్పి డేనియల్ బర్నమ్. మనకి హార్స్‌లీ దొరగారి కొండ ఉన్నట్టే. మొదటి సివిల్ గవర్నర్ టాఫ్ట్ భారీకాయుడు. ఈ కొండ దాకా గుర్రం మీద పాతిక మైళ్లు స్వారీ చేశాను, ఒళ్లు బాగుందని తంతి కొడితే, వాషింగ్టన్ నుంచి యుద్ధమంత్రి రూట్ "గుర్రం ఎలా ఉంది?" అని బదులిచ్చాడట. మా ఆయన ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నారు.

బస ఒక ఇంటి మేడమీద, రాత్రికి 1,800. రెండో రోజు గీజర్ పనిచేయకపోతే ఇంటావిడ కెటిల్‌తో నీళ్లు కాచి మోసుకొచ్చింది, కోపం తెచ్చుకోలేకపోయాను. టాక్సీలవాళ్లు ఐదు పెసోల చిల్లర కూడా లెక్కపెట్టి ఇస్తారు, మనీలా తర్వాత నమ్మబుద్ధి కాదు.

క్యాంప్ జాన్ హేలో పైన్ చెట్ల మధ్య నడక హాయి. 1991 దాకా అమెరికన్ సైనికుల విశ్రాంతి స్థావరం. జాన్ హే అంటే స్పెయిన్‌తో యుద్ధాన్ని 'దివ్యమైన చిన్న యుద్ధం' అని రూజ్‌వెల్ట్‌కి ఉత్తరం రాసిన అమెరికన్ రాయబారి, పెద్దమనిషి. లోపల బెల్ హౌస్ అని చెక్కతో కట్టిన అందమైన బంగళా, చుట్టూ పూలమొక్కలు. అమెరికన్ జనరల్ ఫ్రాంక్లిన్ బెల్ పేరు. 1901-02లో బతంగాస్ ఊళ్లని ఖాళీ చేయించి, జనాన్ని కంచెల మధ్యకి తోలి, బయట దొరికిన పంటల్ని తగలబెట్టించింది ఆయనే. వరండాలో పడక్కుర్చీలు చూస్తూ మా అమ్మాయికి చెబితే "ఇక్కడ ఫోటో తీసుకోవాలా వద్దా" అంది. తీసుకున్నాం, ఇల్లు నిజంగానే బాగుంది.

ఈ క్యాంపు నేల ఇబలోయ్ గిరిజనులది. మతెయో కారిన్యో అనే ఇబలోయ్ పెద్ద తన భూమి కోసం కోర్టుకెక్కితే 1909లో అమెరికా సుప్రీంకోర్టు, ఎవరికీ గుర్తులేని కాలం నుంచి సాగుచేసుకుంటున్న భూమి సర్కారుది కాదని ఆయన పక్షానే తీర్పిచ్చింది. అప్పటికి ఆయన పోయాడు. భూమి మాత్రం కుటుంబానికి తిరిగి రాలేదు. గిరిజనుల భూమి బయటివాళ్ల చేతికి పోకూడదనే మన 1/70 చట్టం సంగతి ఎరిగిన మన్యం వాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. బర్నమ్ పార్కులో పడవలెక్కే జనం దాటి కొంచెం లోపలికెళ్తే ఇబలోయ్ వారసత్వ తోట ఉంది, చూడండి. మేం వెళ్లినప్పుడు అక్కడ మేమే ఉన్నాం.

చివరి సాయంత్రం మనీలాలో మా అమ్మాయి జీప్నీ ఎక్కించింది. అమెరికా సైన్యం వదిలేసిన జీపుల్ని పొడిగించి, రంగులేసి బస్సులు చేసుకున్న బళ్లివి. మేం ఎక్కినప్పుడు ఛార్జీ పదమూడు పెసోలు. డబ్బు చేతులు మారుతూ డ్రైవర్ దాకా వెళ్తుంది, చిల్లర అలాగే వెనక్కొస్తుంది. రోడ్డు పక్క కుర్రాడు "టాఫ్ట్! టాఫ్ట్! టాఫ్ట్!" అని గొంతు చించుకుంటున్నాడు, మన ఆటోవాళ్లు "బస్టాండ్, బస్టాండ్" అన్నట్టే. టాఫ్ట్ ఎవరో తెలుసా అని అమ్మాయి పక్కనున్న నర్సింగ్ పిల్లని అడిగింది. "మా స్టాపు" అందా పిల్ల, "పారా పో" (ఆపండి) అని అరిచి దిగిపోయింది.