ముగింపు తెలిశాక కూడా నిలబడే డిటెక్టివ్ నవల

సస్పెన్స్ నవలకి రివ్యూ రాయాలంటే ఒక్కసారి చదివితే చాలదని నా అభిప్రాయం. చివర్లో దిమ్మ తిరగడం పెద్ద విశేషమేమీ కాదు. చెప్పాల్సిందంతా దాచిపెట్టి, ఆఖరి పేజీలో ఎక్కడినుంచో ఒక కవల సోదరుణ్ణి దించేసినా దిమ్మ తిరుగుతుంది. హంతకుడెవరో తెలిసిన మనిషి మళ్ళీ మొదటి పేజీ నుంచి మొదలుపెడితే ఆ నవల ఎంతవరకు తట్టుకుంటుందో చూడాలి. నేను చదివిన థ్రిల్లర్లలో చాలావాటికి ఆ సత్తా లేదు. ఇంగ్లీషు రచయిత్రి అగాథా క్రిస్టీ రాసిన ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్‌రాయిడ్’కి ఉంది. ఈ పుస్తకం ఏళ్ళ తరబడి నా దగ్గర ఉంది. నేను ఎన్నిసార్లు చదివానో లెక్కపెట్టలేదు కానీ, కర్నూల్లో నా దగ్గర తీసుకెళ్ళి చదివినవాళ్ళు మాత్రం చాలామందే ఉన్నారు. వాళ్ళ మాటలూ నా మాటలూ కలిపి రాస్తున్నాను. హంతకుడి పేరు ఎక్కడా చెప్పను, నిశ్చింతగా చదవండి.

నాది హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పాత ఫోంటానా పేపర్‌బ్యాక్. 2009 అక్టోబరు వరదల్లో పాత టౌన్ మునిగినప్పుడు మా ఇంట్లో కింది అరల పుస్తకాలన్నీ బురదపాలయ్యాయి. ఇది సజ్జ మీద ఉండబట్టి చెమ్మతో బయటపడింది. పేజీలు ముడతలు పడ్డాయి, అట్టకి రెండువైపులా టేపు. అచ్చు సన్నం. నలభై దాటినవాళ్ళు కళ్ళు నొప్పెట్టుకోకుండా కొత్త ఎడిషన్ కొనుక్కోవడం మేలు. ఇంగ్లీషు మాత్రం తేలికే. డిగ్రీ పిల్లలు డిక్షనరీ పక్కన పెట్టుకోకుండా చదవగలరు.

కథ కింగ్స్ అబాట్ అనే ఇంగ్లండ్ పల్లెలో జరుగుతుంది. మిసెస్ ఫెరార్స్ అనే డబ్బున్న వితంతువు నిద్రమందు ఎక్కువై చనిపోతుంది. మొగుణ్ణి ఆవిడే విషం పెట్టి చంపిందని ఊళ్ళో గుసగుస. ఆవిడని పెళ్ళి చేసుకుందామనుకున్న రోజర్ ఆక్‌రాయిడ్ ఊరికి పెద్ద ఆసామి. ఆవిణ్ణి ఎవరో బెదిరించి డబ్బు గుంజుతున్నారని ఆయనకి తెలుస్తుంది. చనిపోయే ముందు ఆవిడ రాసిన ఉత్తరం ఆ సాయంత్రమే ఆయన చేతికి వస్తుంది. అందులో ఆ బెదిరించే మనిషి పేరుంది. ఆయన చదవడం మొదలుపెట్టి, పేరు వచ్చే చోటికి ముందే ఆపేస్తాడు. ఆ రాత్రే తన గదిలో కత్తిపోటుతో చచ్చి పడి ఉంటాడు. ఉత్తరం మాయం. పెంచిన కొడుకు రాల్ఫ్ పేటన్ అదే రాత్రి నుంచి కనపడడు. ఊరి డాక్టర్ షెపర్డ్ పక్కింట్లో రిటైరై, తోటలో కాయగూరలు పండించుకుంటూ విసిగిపోయి ఉన్న డిటెక్టివ్ హెర్క్యూల్ పొయిరో రంగంలోకి దిగుతాడు. కథంతా ఆ డాక్టరే చెబుతుంటాడు.

పుస్తకం అరువిచ్చేటప్పుడు నాదొక షరతు ఉంది. పన్నెండో అధ్యాయంలో పొయిరో ఇంట్లోవాళ్ళందరినీ బల్ల చుట్టూ కూర్చోబెట్టి, మీలో ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి దాస్తున్నారని మొహం మీదే చెబుతాడు. అది చదవగానే వెనక అట్ట లోపలివైపు పెన్సిల్‌తో తమ అనుమానం రాయాలి. ఇప్పుడు ఆ అట్ట చూస్తే రాల్ఫ్ పేటన్ పేరు అన్నిటికన్నా ఎక్కువసార్లు కనిపిస్తుంది. తర్వాత బట్లర్ పార్కర్. హౌస్‌కీపర్ మిస్ రస్సెల్, వేటగాడు మేజర్ బ్లంట్, సెక్రటరీ రేమండ్, ఆక్‌రాయిడ్ మరదలు, ఇలా అందరూ ఉన్నారు. ఒకాయన ఏకంగా పొయిరో పేరే రాశాడు. ఒకమ్మాయి ఒక పేరు రాసి, గట్టిగా కొట్టేసి, పక్కన ఇంకో పేరు రాసింది. సరైన పేరు ఆ అట్ట మీద ఉందో లేదో నేను ఎవరికీ చెప్పను. వెనకటి అద్దె పుస్తకాల షాపుల్లో డిటెక్టివ్ నవల తెచ్చుకుంటే, ఎవడో పుణ్యాత్ముడు మొదటి పేజీలోనే ‘హంతకుడు ఫలానా’ అని రాసి పెట్టేవాడు. ఆ కడుపుమంటతోనే ఈ షరతు పెట్టానేమో.

నా దగ్గర తీసుకున్నవాళ్ళలో పెద్దాయన ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టర్. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు నవలలు చదివి పెరిగిన తరం. ఆయనకి మొదటి వంద పేజీలు నచ్చలేదు. “కారు లేదు, ఛేజింగ్ లేదు, తుపాకీ లేదు. అందరూ టీ తాగుతా మాట్లాడుకుంటా ఉంటారు, ఏముంది సార్ దీంట్లో?” అన్నారు. పూర్తయ్యాక పుస్తకం ఇవ్వడానికి వచ్చినప్పుడు మాత్రం గుమ్మంలోనే నిలబడి, “మళ్ళీ ఒక వారం ఉంచుకుంటా” అని వెనక్కి తీసుకెళ్ళారు. నాకు తెలిసి ఈ నవలకి అంతకు మించిన మెప్పు లేదు.

అందరూ అలా లేరు. ఎలక్ట్రికల్ షాపు నడిపే మా దోస్తు పుస్తకం బల్ల మీద కొట్టినంత పని చేశాడు. “ఏందప్పా ఇది, ఇంత మోసమా! చదివేవాణ్ణి పిచ్చోణ్ణి చేసింది” అని అరిచాడు. అతని కోపం కొత్తదేమీ కాదు. 1926లో ఈ నవల వచ్చినప్పుడు ఇంగ్లండ్‌లో కూడా సరిగ్గా ఇదే తగువు జరిగింది. రచయిత్రి పాఠకుణ్ణి మోసం చేసిందని కొందరు, ఆట నిజాయితీగానే ఆడిందని కొందరు. తానూ డిటెక్టివ్ నవలలు రాసే డొరొతీ సేయర్స్ క్రిస్టీని వెనకేసుకొచ్చింది. అమెరికన్ విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్‌కి అసలు ఈ తరహా నవలలంటేనే విసుగు. 1945లో ‘ఆక్‌రాయిడ్‌ని ఎవరు చంపితే ఎవరిక్కావాలి’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక వ్యాసమే రాశాడు. ఆయన ఎంత విసుక్కున్నా, 2013లో బ్రిటన్ క్రైమ్ రచయితల సంఘం ఓటింగ్ పెడితే అన్ని కాలాల్లోకీ ఉత్తమ క్రైమ్ నవలగా దీన్నే ఎన్నుకున్నారు.

మోసమా కాదా అన్న విషయంలో నేను క్రిస్టీ పక్షమే. రెండోసారి చదివేటప్పుడు పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను, ఎక్కడ అబద్ధం చెప్పిందో పట్టుకుందామని. దొరకలేదు. మొదట్లోనే ఒక చోట నాలుగైదు వాక్యాల పేరా ఉంది. గడియారం టైముతో సహా అంతా కళ్ళ ముందే ఉంటుంది. మొదటిసారి ఆ పేరా మీదుగా కళ్ళు జారిపోతాయి, అనుమానం కలిగించే మాట ఒక్కటీ ఉండదు. రెండోసారి అదే పేరా చదివితే ఒళ్ళు జలదరిస్తుంది, ఒక్క మాట కూడా మారకుండా అర్థమంతా మారిపోతుంది. అధ్యాయం నంబరు చెబితే సగం గుట్టు చెప్పినట్టే, కాబట్టి చెప్పను.

ఇంకో ఉదాహరణ చెప్పినా నష్టం లేదు. శవం దొరికినప్పుడు ఉన్నచోటు నుంచి ఒక కుర్చీ తర్వాత పోలీసులు వచ్చేసరికి కొంచెం జరిగి ఉందని బట్లర్ పొయిరోకి చెబుతాడు. ఎవరూ పట్టించుకోరు. పొయిరో మాత్రం ఆ కుర్చీని వదలడు. నేనూ మొదటిసారి ఆ కుర్చీ సంగతి చదివి పేజీ తిప్పేశాను. ఇలాంటి చిన్న సంగతులు 27 అధ్యాయాల్లో కుప్పలు. వాటిలో సగం మనల్ని దారి తప్పించడానికి, సగం దారి చూపడానికి. ఏది ఏదో తెలియకుండా ఒకే గొంతుతో చెప్పడంలోనే ఉంది ఆవిడ పనితనం.

మా పిన్నికి మాత్రం హత్యతో పనే లేదు. డాక్టర్ అక్క కరోలిన్ కోసమే చదివింది. కరోలిన్ ఇల్లు కదలదు, కానీ ఊళ్ళో ఎవరింట్లో ఏం జరిగినా పనిమనిషి ద్వారానో, పాలవాడి ద్వారానో గంటలో ఆవిడకి చేరిపోతుంది. “మన వీధి చివర ఉండే అత్త అచ్చం ఇట్లనే కదరా” అని పిన్ని పొట్ట పట్టుకుని నవ్వింది. ఆవిడ అభిరుచిని తీసిపారేయలేం. ఈ కరోలిన్‌ని రాయడంలో దొరికిన సంతోషం నుంచే తర్వాత తన ఇంకో డిటెక్టివ్ మిస్ మార్పుల్ పాత్ర పుట్టి ఉంటుందని క్రిస్టీ తన ఆత్మకథలో చెప్పుకుంది. నలుగురు కూర్చుని మహ్‌జాంగ్ అనే చైనా ఆట ఆడుతూ, మధ్యమధ్యలో కేసు గురించి చెవులు కొరుక్కునే అధ్యాయం ఒకటుంది. ఉత్త కబుర్లతో టెన్షన్ ఎలా పెంచాలో తెలియాలంటే అది చదవాలి.

కోర్టులో ప్రాక్టీసు చేసే ఒక లాయర్ మిత్రుడికి వేరే అభ్యంతరం ఉంది. హంతకుడు తెలియడం వరకు ఆయనకి బాగానే ఉంది. ఆ తర్వాత పొయిరో తీసుకున్న నిర్ణయమే నచ్చలేదు. “ఈయనెవరు తీర్పు చెప్పడానికి? చేతిలో ఉన్నదంతా ఊహే. ఈ సాక్ష్యంతో కోర్టుకొస్తే మొదటి వాయిదాలోనే చిత్తుగా ఓడిపోతాడు” అన్నాడు. ఉగ్గాని బజ్జీ తింటూ గంటసేపు వాదించుకున్నాం. ఆయన వాదనలో బలముందనే ఇప్పటికీ నాకనిపిస్తుంది.

లోపాలు లేవని కాదు. నడుమ భాగం సాగుతుంది. ఒకరి తర్వాత ఒకరిని పిలిచి ప్రశ్నించే అధ్యాయాలు మళ్ళీ చదివేటప్పుడు నేనే పరిగెత్తిస్తాను. ప్రేమకథ పస లేనిది, రాల్ఫ్ పేటన్ మీద అంతమందికి ఎందుకంత మోజో అర్థం కాదు. నౌకర్లంటే డబ్బుకోసం దేనికైనా తెగిస్తారన్న చూపు అక్కడక్కడా తగులుతుంది, ఆ కాలం అలాంటిది. హత్య చుట్టూ అల్లిన టైముల ఏర్పాటు కూడా కొంచెం యంత్రంలా ఉంటుంది. అన్నీ అనుకున్నట్టే జరిగాయంటే నమ్మడానికి గొంతు దిగదు. బ్లాక్‌మెయిల్ కథ మాత్రం అన్నిసార్లూ నాకు నిజమనిపించింది. డబ్బు ఎలా చేతులు మారిందన్న చోట క్రిస్టీ ఎక్కడా తడబడదు.

ఈ ముగింపు ఆలోచన ఆవిడకి ఎలా వచ్చిందన్నది కూడా సరదా సంగతే. బావ జేమ్స్ వాట్స్, అంటే అక్క భర్త, మాటల మధ్యలో అన్నదొకటి మనసులో పడిపోయిందని రాసుకుంది. మన చివరి వైస్రాయ్‌గా వచ్చిన మౌంట్‌బాటెన్ కూడా అలాంటి సలహానే ఉత్తరంలో పంపాడట. హెడ్‌మాస్టర్ గారికి ఇది చెబితే, “బావలు ఊరికే ఎగతాళికి పనికొస్తారనుకున్నా” అన్నారు. నవల అచ్చయిన ఏడాదే డిసెంబరులో క్రిస్టీ 11 రోజులు కనపడకుండా పోయి, హారోగేట్‌లో ఒక హోటల్లో మారుపేరుతో దొరికింది. నవల కన్నా ఆ కథే ఆయనకి ఎక్కువ నచ్చింది.

టీవీలో డేవిడ్ సూషే పొయిరోగా 2000లో వచ్చిన ఎపిసోడ్ ముందు చూడొద్దు. సూషే బాగా చేశాడు, అందులో సందేహం లేదు. కానీ ఈ కథలో ఎత్తు పూర్తిగా అక్షరాల్లో ఉంది, కెమెరా ముందు అది ఆవిరైపోతుంది. ఎపిసోడ్ చూసి వచ్చి నవల అడిగినవాళ్ళకి నేను వేరే పుస్తకం ఇచ్చి పంపిస్తున్నాను. ఇంటర్నెట్‌లో ఈ నవల పేరు కొట్టడం కూడా వద్దు, రెండో పేరాలోనే కొంప ముంచుతారు. వెనక అట్ట మీది మాటలు, ముందుమాటలు కూడా వదిలేయండి. కొన్ని ముందుమాటల్లో రాసేవాళ్ళకి నోరు ఆగదు.

కొనేవాళ్ళకి ఇంకొక్క మాట. పొయిరో నవలల్లో ఇది మూడోది. దీంతోనే మొదలుపెట్టకండి. 1920లో వచ్చిన మొదటి నవల ‘ది మిస్టీరియస్ అఫైర్ ఎట్ స్టైల్స్’ ముందు చదివి, అలవాటు పడ్డాక దీనికి రండి. ఎందుకని మాత్రం ఇప్పుడు అడగొద్దు.