విశాఖలో హెచ్‌ఎల్‌ఏ ల్యాబ్ ఫెలోషిప్: చేరేముందు ఇవి అడగండి

ట్రాన్స్‌ఫ్యూజన్ మెడిసిన్‌లో ఎండీ అయిపోయి తర్వాత ఏం చేయాలా అని చూస్తున్న జూనియర్లు ఈమధ్య చాలామంది నన్ను హెచ్‌ఎల్‌ఏ ఫెలోషిప్ (అవయవ మార్పిడికి ముందు దాతా పేషెంటూ కుదురుతారా అని చూసే ల్యాబ్ శిక్షణ) గురించి అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఇక్కడ రాసేస్తే అందరికీ పనికొస్తుంది. నేను చేసింది వైజాగ్‌లోనే, ఒక ప్రైవేట్ ల్యాబ్‌లో. పేరు రాయను, నాకు నచ్చని సంగతులు కూడా ఇందులో ఉన్నాయి కాబట్టి. నా మార్కులు ముందే చెప్పేస్తాను: బెంచ్ పని, అంటే పరీక్షలు చేత్తో చేయడం, నేర్పడంలో పదికి తొమ్మిది, ల్యాబ్ డైరెక్టర్‌ని తయారుచేయడంలో పదికి ఐదు. ఆ రెండింటి మధ్య నాలుగు మార్కుల తేడా ఎందుకొచ్చిందో చెప్పడానికే ఇదంతా.

ఈ ల్యాబ్ ఏం చేస్తుందో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. కిడ్నీ పెట్టాలంటే బ్లడ్ గ్రూప్ కుదిరితే సరిపోదు. మన ఆరో క్రోమోజోమ్ మీద హెచ్‌ఎల్‌ఏ జన్యువులుంటాయి, ఏది తనది, ఏది పరాయిది అని ఒళ్లు గుర్తుపట్టేది వీటి గుర్తులతోనే, అవి మనిషికీ మనిషికీ తేడా. ఒకే తల్లిదండ్రుల పిల్లల్లో కూడా ఇద్దరికి పూర్తిగా కలిసే అవకాశం 25 శాతమే. దాత హెచ్‌ఎల్‌ఏకి వ్యతిరేకంగా పేషెంట్ రక్తంలో ముందే యాంటీబాడీలు ఉన్నాయా అని చూడటమే క్రాస్‌మ్యాచ్. 1969లో పటేల్, తెరసాకి వేసిన లెక్క ఇప్పటికీ మాకు మొదటి క్లాసులో చెబుతారు: క్రాస్‌మ్యాచ్ పాజిటివ్‌గా ఉన్నా ఆపరేషన్ చేసిన 30 కిడ్నీల్లో 24 వెంటనే పోయాయి, నెగెటివ్‌గా ఉన్న 195లో పోయినవి 8. ఆ క్రాస్‌మ్యాచ్ రిపోర్టు మీద సంతకం పెట్టే మనిషి మాట మీద ఒక ఇంటి భవిష్యత్తు ఆధారపడి ఉంటుంది కాబట్టి, ఆ సంతకం పెట్టడం ఎవరు ఎలా నేర్పుతున్నారనేది నాకు చాలా పెద్ద విషయం.

ఇక బెంచ్. ఇక్కడ నేర్పినట్టు ఇంకెక్కడైనా నేర్పుతారా అనిపించింది. క్రాస్‌మ్యాచ్‌కి 60 గుంటలున్న తెరసాకి ట్రే, ఒక్కో గుంటలో నూనె కింద ఒక్క మైక్రోలీటర్ పేషెంట్ సీరం, దాంట్లోకి దాత లింఫోసైట్లు (తెల్లరక్త కణాలు), తర్వాత కుందేలు కాంప్లిమెంట్ (యాంటీబాడీ అంటుకున్న కణాల్ని చంపే ప్రోటీన్లు), చివర రంగు. మైక్రోస్కోప్‌లో చూస్తే బతికున్న కణం చిన్నగా, గుండ్రంగా మెరుస్తూ ఉంటుంది, చచ్చింది ఉబ్బిపోయి రంగు పీల్చుకుని మసకగా ఉంటుంది. పది శాతంలోపు చస్తే స్కోరు 1, ఎనభై శాతం దాటితే 8. చెప్పడానికి సులువే గానీ, 2 వేయాలా 4 వేయాలా అన్న గుంట దగ్గర కళ్లు లాగేస్తాయి. మా సీనియర్ టెక్నీషియన్ తన స్కోర్లు మూసిపెట్టి, ముందు మీరు చదవండి డాక్టరుగారూ అని పక్కన కూర్చునేవారు, తేడా వచ్చిన ప్రతి గుంటా ఇద్దరం మళ్లీ చూసేవాళ్లం. పాజిటివ్ కంట్రోల్ గుంటలో కణాలు చావకపోతే మిగతా ట్రే ఎంత అందంగా ఉన్నా పారేయాల్సిందేనని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. కాంప్లిమెంట్ మైనస్ 80 ఫ్రీజర్‌లో ఉంటుంది, ఒకసారి కరిగిందంటే దాని పని అయిపోయినట్టే, అందుకే ఎండాకాలంలో కరెంట్ పోయిన ప్రతిసారీ అందరి చూపూ ఆ ఫ్రీజర్ డిస్‌ప్లే మీదే.

శాంపిళ్ల సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే విశాఖలో చేయడం వల్ల వచ్చే అసలైన చదువు ఇదే. ఉద్దానం దగ్గరే కదా. కవిటి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు, ఆ పక్కనుంచి కిడ్నీ పేషెంట్లు ఏళ్ల తరబడి వైజాగ్ వస్తూనే ఉన్నారు, ఆ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023లో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, అయినా మార్పిడి దాకా వచ్చేసరికి చాలామంది ఈ దారినే వస్తారు. రక్తమంటే ఐస్‌లో పెట్టాలని అందరికీ అలవాటు, దాంతో క్రాస్‌మ్యాచ్ ట్యూబుల్ని కూడా ఐస్ ప్యాక్ మధ్య పెట్టి బస్సుకిచ్చి పంపేవారు. మాకు కావాల్సింది బతికున్న కణాలు, అవి గది వేడిలోనే రావాలి. పంపే ఆసుపత్రికి ఫోన్ చేసి ఇది ఓపిగ్గా చెప్పడం, మళ్లీ శాంపిల్ అడగడం, దానికోసం మళ్లీ బస్సెక్కాల్సిన ఇంటివాళ్లకి విడమరిచి చెప్పడం, ఇవన్నీ ఫెలో చేతే చేయించారు. చాలా మంచి పద్ధతి.

కేసులు చెప్పడంలో మా డైరెక్టర్ మేడమ్‌కి సాటి లేదు. రెండు కేసులు నాకు బాగా గుర్తున్నాయి. ఒక పేషెంట్‌కి లూపస్ (సొంత ఒంటి మీదే యాంటీబాడీలు తయారయ్యే జబ్బు), క్రాస్‌మ్యాచ్ గట్టిగా పాజిటివ్, అమ్మ ఇస్తానన్న కిడ్నీ ఇక లేనట్టే అని అందరూ అనుకున్నారు. మేడమ్ సీరానికి డీటీటీ (ఐజీఎం రకం యాంటీబాడీల్ని పనిచేయకుండా చేసే రసాయనం) కలిపి మళ్లీ పెట్టమన్నారు, నెగెటివ్ అయిపోయింది. పేషెంట్ కణాల మీదే పేషెంట్ సీరం వేయమన్నారు, అది పాజిటివ్. ఒక్కో పూస మీద ఒక్కో హెచ్‌ఎల్‌ఏ గుర్తు (యాంటిజెన్) అంటించి చూసే సింగిల్ యాంటిజెన్ బీడ్ పరీక్షలో అమ్మ హెచ్‌ఎల్‌ఏ మీద యాంటీబాడీ ఏదీ లేదు. అంటే అది సొంత కణాల మీదే తయారైన ఐజీఎం రకం ఆటోయాంటీబాడీ, కిడ్నీ జోలికి వెళ్లేది కాదు. బయట కూర్చున్న ఆ అమ్మ "నాది సరిపోద్దేటండి?" అని అడుగుతుంటే, డాక్టరుగారికి ఫోన్ చేసి చెబుతాను, మంచి కబురేనమ్మా అన్నారు మేడమ్.

రెండోది దీనికి పూర్తిగా తిరగేసిన కేసు. ముగ్గురు పిల్లల తల్లి, భర్త దాత. సీడీసీ, అంటే ట్రే మీద చేసే క్రాస్‌మ్యాచ్, నెగెటివ్, శుభ్రంగా ఉంది. అక్కడితో ఆగితే ఆపరేషన్ తేదీ ఇచ్చేసేవారు. కాన్పులైన ఆడవాళ్లకి భర్త ఇస్తుంటే ఊరుకోకూడదు, బిడ్డలో ఉన్న తండ్రి యాంటిజెన్ల మీద తల్లి ఒంట్లో యాంటీబాడీ తయారై ఉండొచ్చు. లేజర్ యంత్రంతో ఇంకా సూక్ష్మంగా చూసే ఫ్లో క్రాస్‌మ్యాచ్‌లో బి కణాలు (లింఫోసైట్లలో ఒక రకం) పాజిటివ్, బీడ్స్‌లో సరిగ్గా భర్త డీఆర్ (హెచ్‌ఎల్‌ఏలో ఒక రకం) యాంటిజెన్ మీదే యాంటీబాడీ. కానీ ఫ్లోలో బి కణాలు పాజిటివ్ వస్తే వెంటనే నమ్మకూడదు, పేషెంట్‌కి బి కణాలకి అతుక్కునే రిటుక్సిమాబ్ మందు ఇచ్చి ఉన్నా అలాగే వస్తుంది, రిక్వెస్ట్ ఫారంలో మందుల గడి చూస్తే ఖాళీ. మేడమ్ స్వయంగా నెఫ్రాలజిస్టుకి ఫోన్ చేసి, ఆ మందు ఇవ్వలేదని కనుక్కుని, తర్వాతే రిపోర్టు రాశారు, ఆ జంటకి స్వాప్ (కుదరని రెండు జంటలు దాతల్ని మార్చుకోవడం) గురించి కూడా చెప్పించారు. 2011 సవరణ తర్వాత మన అవయవ మార్పిడి చట్టంలో స్వాప్‌కి చోటుంది.

సరిగ్గా ఇక్కడే నా అసంతృప్తి. ఆ ఫోన్ ఎప్పుడూ మేడమే చేశారు. నేను పక్కన నిలబడి విన్నాను. రిపోర్టు నేను డ్రాఫ్ట్ చేస్తే అది ఫైల్లోకి వెళ్లిపోయేది, అందులో ఏ వాక్యం ఎందుకు తీసేశారో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. డైరెక్టర్ ఉద్యోగమంటే ట్రే చదవడం కాదు, ట్రే ఒకటి చెప్పి బీడ్స్ ఇంకోటి చెబుతుంటే, అవతల సర్జన్ తేదీ కోసం తొందరపెడుతుంటే, ఒక మాట మీద నిలబడటం. బీడ్ పరీక్షలో యాంటీబాడీ బలాన్ని చూపే ఎంఎఫ్‌ఐ అంకె ఇంత దాటితే ప్రమాదం అని గీత గీసి ఇచ్చేవాళ్లెవరూ లేరు, ల్యాబ్‌కీ ల్యాబ్‌కీ మారుతుంది, మరీ బలమైన యాంటీబాడీ ఉన్న సీరంలో ప్రోజోన్ వల్ల అంకె తక్కువగా కూడా చూపిస్తుంది, పలచన చేసి చూస్తేగానీ బయటపడదు. ఇలాంటివి మన నోటితో డాక్టరుకి చెప్పి, ఆయన ఎదురు ప్రశ్నలు వేస్తే జవాబివ్వగలిగితేనే వస్తాయి.

బీడ్ కిట్లు బయటి దేశాల నుంచి వచ్చేవి, ఖరీదు ఎక్కువ, కాబట్టి ఫెలో చేతికి ఇవ్వడానికి వెనకాడారు. అది అర్థం చేసుకోగలను. రాత్రి కాల్స్‌కి రానివ్వకపోవడం మాత్రం నాకు అర్థం కాలేదు. ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ నుంచి బ్రెయిన్ డెడ్ దాత కబురు వస్తే అర్ధరాత్రి టైపింగ్, అంటే దాత హెచ్‌ఎల్‌ఏ ఏ రకమో తేల్చడం, మొదలవుతుంది, కిడ్నీ బయట ఉన్న ప్రతి గంటా లెక్కే, అప్పుడు పాత సీరం ఫలితాలు చూసి వర్చువల్ క్రాస్‌మ్యాచ్ చెప్పడమే అసలు పరీక్ష. ఆ టెన్షన్‌లో ఒక్కసారి కూడా కూర్చోకుండా ఫెలోషిప్ పూర్తవడం పెద్ద లోటు. జన్యువుని అక్షరం అక్షరం చదివే ఎన్‌జీఎస్ టైపింగ్ వేరే ఊరికి పంపేవారు, బోన్ మ్యారో వైపు కేసులు దాదాపు లేవు. కొత్త లాట్ కిట్ వస్తే పాతదాంతో పోల్చి చూడటం, ల్యాబ్‌లకి గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీఎల్ ఆడిట్‌కి కాగితాలు సిద్ధం చేయడం స్లైడ్లలో చెప్పారు, చేయించలేదు.

అమెరికాలో హెచ్‌ఎల్‌ఏ ల్యాబ్ డైరెక్టర్ పదవికి డాక్టరేట్ స్థాయి చదువు ఉండాలి, ఆపైన నాలుగేళ్లు ఈ రంగంలోనే, లేదా రెండేళ్లు ఇమ్యునాలజీ, రెండేళ్లు హెచ్‌ఎల్‌ఏ. ఆషీ (అక్కడి హెచ్‌ఎల్‌ఏ నిపుణుల సంఘం) గుర్తించిన డైరెక్టర్ శిక్షణలో ఫెలో తన కేసుల్ని వ్యాఖ్యానంతో సహా పోర్ట్‌ఫోలియోగా చూపించాలి. అంత ఖర్చు మన దగ్గర పెట్టలేరు, ఒప్పుకుంటాను. కానీ పోర్ట్‌ఫోలియో రాయించడానికీ, దాన్ని మేడమ్ లాంటివాళ్లు వారానికి ఒక సాయంత్రం కూర్చుని దిద్దడానికీ కిట్ ఖర్చు ఏమీ లేదు. ఇది వాళ్లకి చివరి రోజు ఫీడ్‌బ్యాక్‌లో కూడా రాసిచ్చాను.

స్టైపెండ్ ఎండీ చేసినవాళ్లకి తక్కువే, అయినా నెలనెలా సరిగ్గా పడింది. గదులు మద్దిలపాలెం వైపు చూసుకుంటే సిటీ బస్సుల ఇబ్బంది ఉండదు.

టెక్నిక్ గట్టిగా రావాలి, తర్వాత ఇంకోచోట పెద్ద సెంటర్లో చేరదాం అనుకునేవాళ్లు కళ్లు మూసుకుని చేరండి. ఇది పూర్తిచేసి నేరుగా ల్యాబ్ బాధ్యత తీసుకుందాం అనుకునేవాళ్లు మాత్రం ఇంటర్వ్యూలోనే అడగండి: రాత్రి కాల్స్‌లో నన్ను కూర్చోబెడతారా, నా డ్రాఫ్ట్ రిపోర్టుల్ని నా ఎదుటే దిద్దుతారా, నెఫ్రాలజిస్టుతో నేను మాట్లాడతానా, బీడ్ డేటా రోజూ నాకు చూపిస్తారా. జవాబు మెయిల్లో తీసుకోండి.