బ్యాచ్ గ్రూపా, విడిగా పలకరింపా?

పదో తరగతి స్నేహాలు మళ్లీ చిగురించాలంటే రెండు దారులు: అందరినీ కలిపి వాట్సాప్ గ్రూపు, లేదా ఒక్కొక్కరికీ విడిగా మెసేజ్.

ఖర్చు: రెండింటికీ అదే డేటా.

శ్రమ: గ్రూపులో 1024 మంది వరకు పడతారు, ఒక్క మెసేజ్ అందరికీ చేరుతుంది. విడిగా అయితే "మీ అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా?" అని గుర్తుపెట్టుకుని అడగాలి. నా దృష్టిలో స్నేహమంటే ఆ గుర్తుపెట్టుకోవడమే. అది అందరితో సాధ్యం కాదు. మనిషి నిలుపుకోగల సంబంధాలు సుమారు 150 అని బ్రిటన్ మానవశాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్ 1990ల్లోనే అంచనా వేశారు. మరీ దగ్గరివాళ్లయితే ఐదుగురే.

రిస్క్: గ్రూపులో గుడ్‌మార్నింగ్ బొమ్మలు, రాజకీయ గొడవలు. అప్పుల్లో ఉన్నవాడు అరవై మంది ముందు తన బాధ చెప్పుకోలేడు. విడిగా రాస్తే ఒక్కోసారి జవాబు రాదు, మనసు చివుక్కుమంటుంది. అయినా నెల ఆగి మళ్లీ పలకరించండి.

గెట్ టుగెదర్ పెట్టాలన్నా, ఎవరికైనా అర్జెంటుగా రక్తం కావాలన్నా గ్రూపే మేలు. ఉద్యోగం పోయినవాళ్లకి, కొత్తగా డల్లాస్ వెళ్లి ఒంటరిగా ఉన్నవాళ్లకి విడిగా రాయండి. తండ్రి పోయిన స్నేహితుడికి గ్రూపులో "ఓం శాంతి" పెట్టి ఊరుకోకండి, ఫోన్ చేయండి.