వానాకాలం మూస్తే అర్థముంది, ఏడాదంతా మూస్తారా? స్టానేజ్, రిడ్జ్‌వే ప్రయాణాలు

ఇంగ్లండ్‌లో మట్టిదారుల మీద జీపులో తిరగాలనుకునే మనవాళ్లకి ముందే చెబుతున్నా. పీక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్కులోని స్టానేజ్ లాంగ్ కాజ్‌వే (మోటారు బండ్లకి ఏడాదంతా మూసేసిన పాత రాళ్లదారి) పేరు చెప్పి ఎవరైనా బుకింగ్ డబ్బులు అడిగితే ఇవ్వకండి. ఆ సరదా ఉంటే విల్ట్‌షైర్ వైపు రిడ్జ్‌వే అనే పాత మట్టిదారికి వెళ్లండి, అదీ మే నుంచి సెప్టెంబరు లోపల.

ఈస్టర్‌కి మా మామగారు గుడివాడ దగ్గరి పల్లె నుంచి రెడింగ్‌లోని మా ఇంటికి వచ్చారు. జీవితమంతా వ్యవసాయమే. మోకాళ్లు పూర్తిగా అరిగిపోయాయి, వంద అడుగులు వేస్తే కూర్చోవాలి. లండన్ మేడలు చూపిస్తే ఊరికే తల ఊపారు. "ఇక్కడి పొలాలు, పశువులు, ఊరి బయట దారులు చూపించండి అల్లుడుగారూ" అన్నారు. అందుకే ఈ ప్రయాణం పెట్టుకున్నాం.

జీపులో తిప్పే ఒక కంపెనీ దగ్గర బుక్ చేశాను. డ్రైవరుతో సహా ల్యాండ్ రోవర్ డిఫెండర్, నాలుగు గంటలకి 320 పౌండ్లు, మొత్తం ముందే కట్టాలి. ఫోన్లో మోకాళ్ల సంగతి చెప్పి, నడక ఉంటుందా అని రెండుసార్లు అడిగాను. "అసలు నడవక్కర్లేదు, పాత లాంగ్ కాజ్‌వే మీదుగా స్టానేజ్ ఎడ్జ్ అనే కొండ అంచు పైదాకా బండి వెళ్తుంది" అన్నారు. రెడింగ్ నుంచి మూడున్నర గంటల డ్రైవింగ్. హేథర్సేజ్‌లో బస గదికి 118 పౌండ్లు, బ్రేక్‌ఫాస్ట్‌తో కలిపి. ఆ ఇంటావిడ మామగారి నడక చూసి, మేం అడక్కుండానే కింది గది ఇచ్చింది. ఆ ఇంటికి మళ్లీ వెళ్తాం.

మర్నాడు డెనిస్ నోల్ దగ్గర గేటు ముందు బండి ఆగింది. ఎర్ర అంచున్న తెల్లటి గుండ్రటి బోర్డు, అందులో కారు, దాని మీద మోటార్‌సైకిల్ బొమ్మ. మోటారు వాహనాలు వెళ్లకూడదని దానర్థం. డ్రైవర్ ఇంజిన్ ఆపి, ఇక్కణ్ణుంచి పైకి నడిచి వెళ్లండి, నేను ఇక్కడే ఉంటాను అన్నాడు. మా ఆవిడ ముఖం ఎర్రబడింది. మామగారు మాత్రం ఏమీ అనలేదు. దిగి, గేటు పట్టుకుని పైకి చూశారు. రాళ్లు పరిచిన ఆ పాత దారి కొండ అంచుకి ఎక్కుతూ కనిపిస్తూనే ఉంది. పావుగంట చూసి వెనక్కొచ్చి కూర్చున్నారు. "పర్లేదమ్మా, ఇక్కణ్ణుంచే కనబడుతోందిగా" అని కూతురికి సర్దిచెప్పారు. నాకు ఆ మాటే ఎక్కువ బాధేసింది.

ఆ దారి మీద నిషేధం 2013 నుంచీ ఉంది. అది తెలిసీ ఆ పేరుతోనే బుకింగులు తీసుకుంటున్నారంటే పచ్చి మోసం. మిగతా సమయమంతా తారు రోడ్ల మీద తిప్పారు. మా సొంత కారులో ఆ రోడ్లన్నీ తిరగలేమా? మెయిళ్ల మీద మెయిళ్లు పెడితే 40 పౌండ్లు వెనక్కి ఇచ్చారు.

ఇక నిషేధం సంగతి. ఇక్కడ పాత బండిదారుల్లో మోటారు వాహనాలకి హక్కున్న వాటిని 'బైవే ఓపెన్ టు ఆల్ ట్రాఫిక్' అంటారు. ఇంగ్లండ్‌లోని పబ్లిక్ దారుల్లో ఇవి నూటికి రెండు మాత్రమే. 2006 మే 2న అమల్లోకి వచ్చిన చట్ట నిబంధనతో, అధికారిక మ్యాపుల్లో అలా నమోదు కాని పాత దారుల మీద మోటారు వాహనాల హక్కు చాలావరకు రద్దయింది. మరుసటి ఏడాది నేషనల్ పార్కుల అథారిటీలకి సొంతంగా ట్రాఫిక్ రెగ్యులేషన్ ఆర్డర్లు, అంటే దారి మీద బండ్లని ఆపే ఉత్తర్వులు, ఇచ్చే అధికారం వచ్చింది. ఇప్పుడు మిగిలిన ఆ కాసిన్నింటినీ ఒక్కొక్కటే మూస్తున్నారు.

మూయమనేవాళ్ల బాధ నాకు అర్థం కాక కాదు. ఆదివారం వస్తే మోటార్‌సైకిళ్ల రొదకి పిచ్చెక్కేదని హేథర్సేజ్ ఆవిడే చెప్పింది. పెద్ద పెద్ద టైర్లు వేసుకుని వానలో బురద చిమ్ముతూ దారిని మోకాలి లోతు గోతులు చేసేవాళ్లూ ఉన్నారు. వాళ్లని పట్టుకోండి, ఫైన్ వేయండి. వాళ్ల కోసం ఎండాకాలంలో, పొడి నేల మీద, నడక వేగంతో వెళ్లే ముసలాయన బండిని కూడా ఆపడం ఏం న్యాయం? గుర్తింపు ఉన్న వికలాంగుల చిన్న బండ్లకి మినహాయింపు ఉందంటారు. కొన్ని నెలలకి చూడ్డానికి వచ్చిన పెద్దాయనకి ఆ బండి ఎక్కణ్ణుంచి వస్తుంది?

జూన్‌లో స్విండన్‌లో ఉండే మా మేనత్త కొడుకు ఈ సంగతి విని, "మామయ్యగారిని నా దగ్గరికి తీసుకురా బావా" అన్నాడు. వాడికి పాత ల్యాండ్ రోవర్ డిస్కవరీ ఉంది. రిడ్జ్‌వే మొత్తం 87 మైళ్లు, అందులో బండ్లకి అనుమతి ఉన్నది పడమటి వైపు కొన్ని ముక్కల్లోనే. అక్టోబరు 1 నుంచి ఏప్రిల్ 30 దాకా, అంటే ఇక్కడి చలి, వానల కాలంలో మూస్తారు, మే నుంచి తెరుస్తారు. ఏ4 రోడ్డు పక్కన ఓవర్టన్ హిల్ దగ్గర ఎక్కి, హాక్‌పెన్ హిల్ దాకా వెళ్లాం. గంటకి పది మైళ్లు దాటలేదు. గుర్రాల వాళ్లు ఎదురైతే ఇంజిన్ ఆపేశాం, వాళ్లు చెయ్యూపి వెళ్లారు. ఫైఫీల్డ్ డౌన్ వైపు గడ్డిలో బూడిదరంగు సార్సెన్ రాళ్లు పడి ఉంటాయి, దూరం నుంచి అచ్చం పడుకున్న గొర్రెల్లా ఉంటాయి.

దారి మధ్యలో మామగారు బండి ఆపించారు. కర్ర ఆనించి వంగి, చక్రాల జాడలోంచి తెల్ల మట్టిగడ్డ తీసి వేళ్లతో నలిపారు. సుద్ద పొడిగా రాలింది. "సున్నపు నేల అల్లుడుగారూ. తడిస్తే జారుద్ది, ఎండితే రాయే. వానల్లో ఇక్కడ బండి తోలితే దారి పాడవుద్ది. ఇప్పుడు తోలితే ఏమీ కాదు. మా ఊరి డొంకలోనూ అంతేగా, నాట్లప్పుడు ట్రాక్టరు దిగనివ్వం" అన్నారు. ఆ పూటంతా ఆయన మాట్లాడుతూనే ఉన్నారు, మా ఆవిడ వీడియోలు తీస్తూనే ఉంది. ఖర్చు డీజిల్‌కి 22 పౌండ్లు, ఏవ్‌బరీలో పార్కింగ్. అక్కడి ప్రాచీన నిలువు రాళ్ల వలయంలోకి టికెట్ లేదు. పబ్బులో భోజనం మామూలే.

వెళ్లేవాళ్లు ఆర్డినెన్స్ సర్వే (ఇక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ) వేసే ఎక్స్‌ప్లోరర్ మ్యాప్ కొనుక్కోండి. ఆకుపచ్చ ప్లస్ గుర్తులు వరసగా ఉన్నవే బండ్లకి తెరిచిన బైవేలు. మ్యాపులో ఉన్నా తాత్కాలిక ఆర్డర్లు ఉండొచ్చు, కౌన్సిల్ వెబ్‌సైట్ చూసుకుని బయల్దేరండి. నాలుగు బండ్లకి మించి గుంపుగా వెళ్లొద్దు. వాన పడితే ఆ రోజు మానేయండి.

ఇక్కడ స్థిరపడిన మనవాళ్లకి మరో మాట. కౌన్సిల్ ఏ దారైనా శాశ్వతంగా మూయాలంటే ముందు నోటీసు ఇచ్చి, అభ్యంతరాలకి కనీసం 21 రోజులు గడువివ్వాలి. అది గేటుకి ప్లాస్టిక్ కవర్లో కట్టిన కాగితంగా కనబడుతుంది. ఫొటో తీసుకుని, ఇంటికొచ్చి మెయిల్ పెట్టండి. పూర్తిగా మూయొద్దు, రిడ్జ్‌వేలోలాగా వానాకాలం మాత్రమే మూయండి అని రాయండి. మా ఇంటికి దగ్గర్లోని ఒక దారికి మొన్ననే నోటీసు కట్టారు. నేను, మా ఆవిడ, మా మేనత్త కొడుకు వేర్వేరుగా రాశాం.